మునగచెట్టెక్కిన యాంటీఆక్సిడెంట్

వంటగది అల్మారా తెరిస్తే ‘యాంటీఆక్సిడెంట్’ అన్న మాట రెండుచోట్ల కనిపించవచ్చు. ఒకటి మునగాకు పొడి డబ్బా మీద, పెద్ద పెద్ద ఆకుపచ్చ అక్షరాల్లో. రెండోది సన్‌ఫ్లవర్ నూనె ప్యాకెట్ వెనకాల, కళ్లజోడు పెట్టుకున్నా సరిగా కనపడనంత చిన్నగా, 319 అనే నంబరు పక్కన. మొదటిది చూసి మురిసిపోయి కొంటాం. రెండోది చూస్తే ఏం కెమికల్ కలిపారోనని కాస్త టెన్షన్ పడతాం. తమాషా ఏమిటంటే, ఆ మాటకు కచ్చితమైన అర్థం, రుజువైన పని ఉన్నది నూనె ప్యాకెట్ మీదే.

ఆకుల సారాలకు యాంటీఆక్సిడెంట్ గుణం ఉందా అంటే ఉంది. అందులో సందేహం లేదు. మునగాకు, కరివేపాకు, తులసి, జామాకు, తమలపాకు, వేపాకు దేన్ని పరీక్షించినా ఉంటుంది. చిక్కంతా దాని వెనకే వచ్చే మాటతో: ‘కాబట్టి ఇది తింటే ఒంట్లో ఫ్రీ రాడికల్స్ చచ్చిపోతాయి, జబ్బులు రావు, వయసు కనపడదు.’ గాజు గొట్టంలో తేలిన విషయానికీ ఈ మాటకూ మధ్య చాలా నిరూపించాలి. అందులో కొంత ఇంకా నిరూపించలేదు. కొంత నిరూపించబోతే ఎదురు తిరిగింది.

నూనెలో ఏం జరుగుతుంది

ముందు నూనె సంగతి చూస్తే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. అణువుల్లో ఎలక్ట్రాన్లు మామూలుగా జంటలుగా ఉంటాయి. జంట లేని ఒంటరి ఎలక్ట్రాన్ ఉన్న అణువే ఫ్రీ రాడికల్. 1900లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో మోజెస్ గోంబర్గ్ అలాంటి కార్బన్ సమ్మేళనాన్ని తయారుచేసి చూపించేదాకా అది సాధ్యమని చాలామంది రసాయన శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. రాడికల్స్‌లో ఎక్కువ భాగం నిలకడ లేనివి. పక్కనున్న అణువు నుంచి ఒక హైడ్రోజన్ లాక్కుని కుదుటపడతాయి. లాక్కోబడినది ఇప్పుడు రాడికల్ అవుతుంది. అది ఇంకోదాని మీద పడుతుంది. కుర్చీలాటలో కుర్చీ దొరకనివాడు పక్కవాణ్ణి తోసి కూర్చుంటే, లేచినవాడు మరొకణ్ణి తోసినట్టు.

సన్‌ఫ్లవర్ లాంటి నూనెల్లోని కొవ్వు ఆమ్లాల నుంచి హైడ్రోజన్ సులువుగా ఊడి వస్తుంది. వెలుతురో, వేడో, కాస్త ఇనుమో రాగో తగిలితే ఒకచోట మొదలవుతుంది. గాలిలోని ఆక్సిజన్ వచ్చి చేరుతుంది. పెరాక్సైడ్లు తయారవుతాయి, అవి విరిగి చిన్న చిన్న ఆల్డిహైడ్లు అవుతాయి. పాత నూనె దగ్గర వచ్చే ముక్కిపోయిన వాసన వాటిదే.

ఈ ఆటలో తన కుర్చీ ఇచ్చేసి, తర్వాత ఎవరి జోలికీ పోకుండా పక్కన నిలబడేవాడు ఒకడుంటే ఆట ఆగిపోతుంది. అలాంటివాడే యాంటీఆక్సిడెంట్. ఫినాల్ జాతి అణువులు చేసేది అదే. వాటిలో ఆరు కార్బన్ల వలయానికి ఒక ఓహెచ్ గుంపు అతుక్కుని ఉంటుంది. అందులోని హైడ్రోజన్‌ను ఇచ్చేశాక మిగిలిన ఒంటరి ఎలక్ట్రాన్ ఒకచోట ఉండకుండా వలయమంతా పరుచుకుంటుంది. అందుకని ఆ అణువు రాడికల్ అయినా దూకుడు చూపించదు. నూనె ప్యాకెట్ మీది 319, అంటే టీబీహెచ్‌క్యూ, సరిగ్గా ఇలాంటి ఫినాలే. కిలో నూనెకు 200 మిల్లీగ్రాములు మించకూడదని మన దేశంలో నిబంధన.

ఈ పనికి ఆకులు వాడటం మన ఇళ్లలో పాత సంగతే. వెన్న కాచేటప్పుడు నెయ్యి దింపబోయే ముందు కాస్త మునగాకో, తమలపాకో, కరివేపాకో వేస్తారు. మంచి వాసన వస్తుందనీ, నెయ్యి నిలవ ఉంటుందనీ పెద్దవాళ్లు చెబుతారు. రెండూ నిజమే. తమలపాకు, కరివేపాకు వేసి కాచిన నెయ్యి ఆలస్యంగా పాడవుతుందని మన పాల పరిశోధకులు 1970ల చివర్లోనే పరీక్షించి ప్రచురించారు. తమలపాకులో హైడ్రాక్సీచావికాల్, యూజినాల్ అనే ఫినాల్స్ ఉంటాయి. వేడి నేతిలో ఆకు చిటపటలాడుతుంటే అవి నేతిలోకి దిగుతాయి. ఒక రకంగా మన అమ్మమ్మలు పొయ్యి మీద చేసినది ఆకుసారం తీయడమే, ల్యాబుల్లో వాడే మెథనాల్ అనే ఆల్కహాల్ బదులు నెయ్యి వాడారంతే.

కరివేపాకుది ఇంకో రకం. దీనిలో కార్బజోల్ ఆల్కలాయిడ్లు ఉంటాయి. మహానింబిన్, కోనిజిన్ లాంటి పేర్లు. ఇవీ రాడికల్స్‌ను అడ్డుకుంటాయి, పైగా కొవ్వులో కరిగే రకం. పోపులో వేగిన కరివేపాకును కంచం అంచుకు నెట్టేసినా అందులోని సరుకు కొంత అప్పటికే నూనెలోకి చేరి ఉంటుంది. ఆ కోనిజిన్ పేరు వెనక మనకు సంబంధించిన కథ ఒకటుంది. కరివేపాకు శాస్త్రీయ నామంలోని ‘కోనిగీ’ అన్నది యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ పేరు. మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లినేయస్‌కు శిష్యుడు. తమిళనాడు తీరంలోని తరంగంబాడికి వైద్యుడిగా వచ్చి, దక్షిణాది మొక్కలన్నీ సేకరిస్తూ తిరిగి, 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు.

యూరప్‌లో ఈ నెయ్యి చిట్కా పరిశ్రమ స్థాయికి వెళ్లింది. రోజ్‌మేరీ ఆకుల సారాన్ని అక్కడ 2010 నుంచి అధికారికంగా ఆహార సంకలితంగా ఒప్పుకున్నారు. దాని నంబరు ఈ392. అందులోని కార్నోసిక్ ఆమ్లం, కార్నోసాల్ నూనెలు, మాంసం త్వరగా పాడవకుండా చూస్తాయి. ఆకుసారం యాంటీఆక్సిడెంట్‌గా పనిచేస్తుందని ఎవరూ కాదనలేని చోటు ఏదైనా ఉంటే ఇదే. డబ్బాలో ఉన్న కొవ్వు, చుట్టూ గాలి, మధ్యలో ఫినాల్. కొలవడం తేలిక, ఫలితం వాసనలోనే తెలుస్తుంది.

ఊదారంగు పోయి పసుపు వస్తే

ఇక పరిశోధన పత్రాల సంగతి. మన విశ్వవిద్యాలయాల్లో, ఫార్మసీ కాలేజీల్లో ఏటా ఎన్నో ఆకుల మీద ఈ పని జరుగుతుంది. పద్ధతి దాదాపు ఒకటే. ఆకును నీడలో ఆరబెడతారు. పొడి చేస్తారు. సాక్స్‌లెట్ అనే గాజు పరికరంలో పెట్టి హెక్సేన్, ఇథైల్ ఎసిటేట్, మెథనాల్, నీళ్లు ఇలా ఒక్కో ద్రావణితో సారం తీస్తారు. ఈ పరికరాన్ని 1879లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రాంజ్ ఫాన్ సాక్స్‌లెట్ పాలలో కొవ్వు ఎంతుందో కొలవడానికి తయారుచేశాడు. ద్రావణిని ఆవిరి చేస్తే గిన్నె అడుగున ముదురు పచ్చటి బంక మిగులుతుంది. అదే ‘ఎక్స్‌ట్రాక్ట్’.

ఏ ద్రావణి వాడారన్నది చిన్న విషయం కాదు. హెక్సేన్ కొవ్వు పదార్థాలను లాగుతుంది. మెథనాల్, నీళ్లు కలిపిన ఆల్కహాల్ ఫినాల్స్‌ను బాగా లాగుతాయి. పత్రికల్లో ‘ఫలానా ఆకులో అద్భుత గుణం’ అని వచ్చినప్పుడు సాధారణంగా అది మెథనాల్ సారం ఫలితం. మెథనాల్ విషం. ఆ సారాన్ని ఎవరూ తాగరు. మనం తాగేది నీళ్లలో మరిగించిన కషాయం, తినేది పప్పులో ఉడికిన ఆకు. వాటిలో ఏముందన్నది విడిగా చూడాల్సిన ప్రశ్న.

తర్వాత అసలు పరీక్ష. డీపీపీహెచ్ అనే రాడికల్ ఒకటుంది. ఇది విచిత్రంగా నిలకడైనది. సీసాలో పొడిగా కొనుక్కోవచ్చు. మెథనాల్‌లో కలిపితే ముదురు ఊదారంగు. దీనికి ఎవరైనా హైడ్రోజన్ ఇస్తే లేత పసుపు రంగులోకి మారుతుంది. 1958లో బ్లోయిస్ అనే శాస్త్రవేత్త దీన్ని యాంటీఆక్సిడెంట్ పరీక్షగా ప్రతిపాదించాడు. ఆకుసారం వేసి, అరగంట చీకట్లో ఉంచి, 517 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న వెలుతురులో రంగు ఎంత తగ్గిందో చూస్తారు. రంగును సగానికి తగ్గించడానికి ఎంత సారం కావాలో అదే ఐసీ50. అది ఎంత తక్కువైతే సారం అంత బలమైనదని లెక్క. ఈ సంఖ్య తిరగబడి ఉండటం వల్ల పత్రికల వాళ్లు తరచు బోల్తా పడుతుంటారు.

చౌకైన పరీక్ష, తేలికైన పరీక్ష, రంగు గాఢతను కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్ ఒకటి ఉంటే చాలు. మధ్యాహ్నానికి ఫలితం వస్తుంది. దాని ఆదరణకు సగం కారణం అదే అనిపిస్తుంది. కానీ డీపీపీహెచ్ అనేది నత్రజని మీద ఒంటరి ఎలక్ట్రాన్ ఉన్న కృత్రిమ అణువు. మన ఒంట్లో అలాంటిది ఎక్కడా ఉండదు. దాన్ని లొంగదీసిన సారం ఒంట్లో ఉండే రాడికల్స్‌ను లొంగదీస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇంకో చిక్కు, డీపీపీహెచ్‌ను ఎంత గాఢతలో తీసుకున్నారు, ఎంతసేపు ఆగారు అన్నదాన్ని బట్టి ఐసీ50 మారిపోతుంది. ఆకు పచ్చదనం కూడా రీడింగును కదిలిస్తుంది. కాబట్టి ఒక ల్యాబ్‌లో మునగాకుకు వచ్చిన సంఖ్యను ఇంకో ల్యాబ్‌లో జామాకుకు వచ్చిన సంఖ్యతో పోల్చి ఇది గొప్ప, అది తక్కువ అని చెప్పడం కుదరదు. అయినా ర్యాంకులు ఇస్తూనే ఉంటారు.

మిగతా పరీక్షలకూ ఇలాంటి తంటాలే. మొత్తం ఫినాల్స్ ఎంతున్నాయో చెప్పే ఫోలిన్–సియోకాల్టో పరీక్ష 1927 నాటిది. హార్వర్డ్ వైద్య కళాశాలలో ఓటో ఫోలిన్ ప్రొటీన్ల కోసం రూపొందించినది. మాలిబ్డినం, టంగ్‌స్టన్ కలిసిన పసుపు ద్రావణం, ఎలక్ట్రాన్లు అందితే నీలం అవుతుంది. దానికి రెండేళ్ల ముందు, 1925లో, అదే విభాగంలో పనిచేస్తున్న మన భీమవరం కుర్రాడు యల్లాప్రగడ సుబ్బారావు సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. అక్కడా ఆధారం మాలిబ్డినం నీలమే. ఫోలిన్ పరీక్షలో లోపం ఏమిటంటే విటమిన్ సి ఉన్నా, కొన్ని చక్కెరలున్నా, ప్రొటీన్ ఉన్నా నీలం వస్తుంది. దాన్నంతా ఫినాల్ ఖాతాలో రాసేస్తారు. 1996లో వచ్చిన ఫ్రాప్ పరీక్షలో సారం ఇనుముకు ఎలక్ట్రాన్ ఇచ్చి దాని రూపాన్ని ఎంత మారుస్తుందో చూస్తారు. దాన్ని పీహెచ్ 3.6 దగ్గర చేస్తారు, అంటే బాగా పుల్లగా ఉన్న ద్రావణంలో. మన రక్తం పీహెచ్ 7.4.

ఇన్ని ఆకులు ఈ పరీక్షల్లో ఎందుకు పాసవుతాయన్నది అడగాల్సిన ప్రశ్న. ఆకు పని ఎండలో నిలబడి మొక్కకు ఆహారం తయారుచేయడం, ఆ పనిలోనే ఆక్సిజన్ పుడుతుంది. పట్టుకున్న వెలుతురు ఎక్కువైతే ఆ శక్తి ఆక్సిజన్‌కు తగిలి దూకుడు రకాలు పుడతాయి. వాటినుంచి తనను కాపాడుకోవడానికి ఆకు విటమిన్ సి, విటమిన్ ఇ, కెరోటినాయిడ్లు, ఫ్లేవనాయిడ్లు పెట్టుకుంటుంది. మిట్ట ఎండలో పెరిగిన ఆకులో ఫ్లేవనాయిడ్లు నీడలో పెరిగినదానికంటే ఎక్కువగా ఉంటాయి. అంటే ఆకులో యాంటీఆక్సిడెంట్ గుణం కనపడటం, ఆకు ఆకులాగే ఉందని చెప్పడం. అది ఆకు సొంత అవసరానికి పెట్టుకున్న సరంజామా. మన కోసం కాదు.

నోటి నుంచి రక్తం దాకా

మునగాకులో ముఖ్యమైన ఫ్లేవనాయిడ్ క్వెర్సెటిన్. ఉల్లిపాయలోనూ ఉంటుంది. టెస్ట్‌ట్యూబ్‌లో ఇది మొనగాడు. తింటే ఏమవుతుందో చూద్దాం. ఆకులో ఇది చక్కెరకు అతుక్కుని ఉంటుంది. పేగులో ఆ చక్కెర ఊడుతుంది. పేగు గోడ దాటుతుండగానే, తర్వాత కాలేయంలో, శరీరం దీన్ని బయటి సరుకుగా గుర్తించి గ్లూకురోనిక్ ఆమ్లమో, సల్ఫేటో, మిథైల్ గుంపో తగిలిస్తుంది. తగిలించేది ఎక్కడ? హైడ్రోజన్ ఇవ్వాల్సిన ఓహెచ్ గుంపుల మీదే. దాంతో యాంటీఆక్సిడెంట్‌గా దాని పదును చాలావరకు పోతుంది. చివరికి మూత్రంలోకి. పేగులో పీల్చుకోకుండా మిగిలినదాన్ని పెద్దపేగులోని బ్యాక్టీరియా విరగ్గొడుతుంది.

క్వెర్సెటిన్ ఉన్న భోజనం చేశాక రక్తంలో దాని మోతాదు, రూపం మారినవాటితో కలిపి చూసినా, సాధారణంగా లీటరుకు ఒక మైక్రోమోల్ (అణువుల సంఖ్యను లెక్కించే కొలత) అటూ ఇటూగా ఉంటుంది. అంటే దాదాపు 0.3 మిల్లీగ్రాములు. అదే ప్లాస్మాలో, అంటే రక్తంలోని ద్రవభాగంలో, రాడికల్స్‌ను అడ్డుకునే గుణమున్న యూరిక్ ఆమ్లం 200 నుంచి 400 మైక్రోమోల్స్ ఉంటుంది. విటమిన్ సి సరిగా తినేవారిలో 50 ప్రాంతంలో. కణాలు సొంతంగా తయారుచేసుకునే యాంటీఆక్సిడెంట్ గ్లుటాథయోన్ అయితే వాటి లోపల మిల్లీమోల్స్‌లో, అంటే వేల మైక్రోమోల్స్‌లో. ఒక సారం ఐసీ50 మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాములని అనుకుందాం, పత్రాల్లో ఇది మెచ్చుకోదగ్గ సంఖ్యే. అంటే లీటరుకు 50 మిల్లీగ్రాములు. రక్తంలోకి నిజంగా చేరేదానికి ఇది 150 రెట్ల పైమాటే.

ఒరెగాన్‌లోని లైనస్ పాలింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో 2004 ప్రాంతంలో ఒక చక్కటి ప్రయోగం చేశారు. మనుషులకు యాపిల్స్ పెట్టి, తర్వాత రక్తం యాంటీఆక్సిడెంట్ సామర్థ్యం కొలిచారు. పెరిగింది. యాపిల్‌లోని ఫ్లేవనాయిడ్ల మహిమే అనుకుని ఆగిపోలేదు వాళ్లు. యాపిల్‌లో ఉన్నంత ఫ్రక్టోజ్‌ను విడిగా నీళ్లలో కలిపి ఇచ్చి చూశారు. అప్పుడూ పెరిగింది! ఫ్రక్టోజ్ వల్ల రక్తంలో యూరిక్ ఆమ్లం పెరిగింది, పరీక్ష దాన్నే పట్టుకుంది. యూరిక్ ఆమ్లం ఎక్కువై గౌట్ అనే కీళ్ల నొప్పులతో బాధపడేవారి రక్తం ఈ లెక్కన యాంటీఆక్సిడెంట్ల గని.

అమెరికా వ్యవసాయ శాఖ కొన్నేళ్లపాటు ఆహార పదార్థాల ఓరాక్ విలువల పట్టికను తన సైట్‌లో ఉంచింది. ఓరాక్ కూడా యాంటీఆక్సిడెంట్ బలాన్ని గాజు గొట్టంలో కొలిచే పరీక్షే. కంపెనీలు ఆ సంఖ్యలను డబ్బాల మీద అచ్చేసి అమ్ముకున్నాయి. ఈ విలువలకూ ఆరోగ్యం మీద ప్రభావానికీ సంబంధం రుజువు కాలేదనీ, వాటిని దుర్వినియోగం చేస్తున్నారనీ చెప్పి 2012లో ఆ పట్టికను తీసేసింది. మన దగ్గర ఇప్పటికీ కొన్ని పొడుల ప్రకటనల్లో ఓరాక్ సంఖ్య కనపడుతుంది.

కణాల మీద చేసిన ప్రయోగాలు ఇంకాస్త నమ్మదగ్గవి కదా అనిపించవచ్చు. అక్కడా ఒక మెలిక. టీ ఆకులోని ఈజీసీజీ లాంటి ఫినాల్స్‌ను కణాలు పెంచే ద్రవంలో వేస్తే అవి అక్కడి ఆక్సిజన్‌తో తామే చర్య జరిపి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తాయని సింగపూర్‌లో బారీ హాలివెల్ బృందం చూపించింది. క్యాన్సర్ కణాలు చచ్చిపోతే ఆకు గొప్పతనమని రాస్తారు. చంపింది ఆ గిన్నెలో పుట్టిన పెరాక్సైడ్ కావచ్చు. యాంటీఆక్సిడెంట్ అని పేరున్నది ఇంకోచోట ఆక్సిడెంట్‌గా పనిచేయడం ఇలాంటి ఫినాల్స్‌కు మామూలే. పక్కన ఇనుమో రాగో ఉంటే మరీను.

అసలు మన ఒంట్లో రాడికల్స్‌ను అదుపులో పెట్టే పని ఎక్కువగా చేసేవి ఎంజైములు. 1969లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో జో మెక్‌కార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ సూపరాక్సైడ్ అనే రాడికల్‌ను తొలగించే ఎంజైము సూపరాక్సైడ్ డిస్మ్యూటేజ్ పని కనుగొన్నారు. దాని తర్వాత కేటలేజ్, గ్లుటాథయోన్ పెరాక్సిడేజ్ మిగతాది చూసుకుంటాయి. ఒక ఎంజైము అణువు అదే పనిని తిరిగి తిరిగి చేస్తుంది. ఫినాల్ అణువు ఒకటో రెండో హైడ్రోజన్లు ఇచ్చి అయిపోతుంది. ఇక అన్నిటికంటే ప్రమాదకరమైన హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టినచోటే, తాకిన మొదటి అణువుతోనే చర్య జరిపేస్తుంది. దాన్ని అడ్డుకోవాలంటే కణంలో ఉన్న మిగతా అన్ని అణువులకంటే ఎక్కువ సంఖ్యలో యాంటీఆక్సిడెంట్ ఉండాలి. అది జరిగే పని కాదు.

మనుషుల మీద చూస్తే

వృద్ధాప్యానికి ఫ్రీ రాడికల్సే కారణమని 1956లో డెన్హామ్ హార్మన్ ప్రతిపాదించాడు. షెల్ ఆయిల్ కంపెనీలో రసాయన శాస్త్రవేత్తగా చేసి తర్వాత డాక్టర్ చదివినవాడు. అందమైన ఆలోచన. రాడికల్స్ చెడ్డవైతే వాటిని తగ్గించేవి మంచివే కావాలి కదా. ఆ నమ్మకంతో పెద్ద పెద్ద పరీక్షలు మొదలుపెట్టారు.

ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద పరీక్ష చేశారు. రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా 18 శాతం పెరిగింది. 1994లో ఈ ఫలితం వచ్చినప్పుడు చాలామంది నమ్మలేదు. అమెరికాలో 18,314 మందితో అదే తరహా పరీక్ష నడుస్తోంది, అక్కడ బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్ ఎ ఇచ్చారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ 28 శాతం, మరణాలు 17 శాతం ఎక్కువ కనపడటంతో 1996 జనవరిలో గడువుకు 21 నెలల ముందే ఆపేశారు. తర్వాత 35 వేల పైచిలుకు మగవాళ్లతో జరిగిన సెలెక్ట్ పరీక్షలో విటమిన్ ఇ మాత్రలు వేసుకున్నవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువని 2011లో తేలింది.

ఇవి ఆకుసారాల మీద చేసిన పరీక్షలు కావు, శుద్ధమైన విటమిన్ల మీద చేసినవి. ఆ తేడా గుర్తుంచుకోవాలి. మునగాకు తింటే క్యాన్సర్ వస్తుందని వీటి అర్థం కానే కాదు. కానీ ‘రాడికల్స్‌ను తుడిచేస్తే ఆరోగ్యం’ అన్న వాదనకు ఇవి గట్టి దెబ్బ. ఆకుసారాల ప్రకటనలన్నీ నిలబడి ఉన్నది ఆ వాదన మీదే.

దెబ్బ ఎందుకు తగిలిందో ఇప్పుడు కొంత తెలుసు. రాడికల్స్ ఒంటికి కావాలి. తెల్ల రక్తకణాలు బ్యాక్టీరియాను చంపడానికి సూపరాక్సైడ్‌ను కావాలనే తయారుచేస్తాయి. పుట్టుకతో ఆ శక్తి లేని పిల్లలకు క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్ అనే జబ్బు, ఇన్‌ఫెక్షన్లు వదలవు. రక్తనాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్ కూడా ఫ్రీ రాడికలే. దాని పని కనుగొన్నందుకు 1998లో ముగ్గురికి నోబెల్ వచ్చింది. 2009లో జర్మనీలో వచ్చిన అధ్యయనం ఇంకా ఆసక్తికరం. కుర్రాళ్లతో నాలుగు వారాలు వ్యాయామం చేయించారు. సగం మందికి విటమిన్ సి 1000 మిల్లీగ్రాములు, విటమిన్ ఇ 400 యూనిట్లు ఇచ్చారు. మాత్రలు వేసుకోనివారిలో ఇన్సులిన్ బాగా పనిచేయడం మొదలైంది. వేసుకున్నవారిలో ఆ లాభం రాలేదు. వ్యాయామంలో పుట్టే రాడికల్సే కండరానికి ‘సిద్ధం కా’ అని కబురు పంపుతాయని, మాత్ర ఆ కబురును నొక్కేసిందని పరిశోధకుల వివరణ.

మరి ఆకు చేసే మేలు

ఆకుకూరలు, కూరగాయలు ఎక్కువగా తినేవారిలో గుండెజబ్బులు తక్కువని ఎన్నో దేశాల్లో చూశారు. అది ఎలా అన్నదానికి రాడికల్స్ వేట కాకుండా వేరే దారులు ఇప్పుడు బలంగా కనపడుతున్నాయి.

వాటిలో నాకు బాగా నచ్చినది ఎన్‌ఆర్‌ఎఫ్2 కథ. కణంలో ఈ ప్రొటీన్ మామూలుగా కీప్1 అనే ఇంకో ప్రొటీన్ చేతిలో బందీ. ఘాటైన అణువు ఏదైనా వచ్చి కీప్1ను కుట్టినప్పుడు పట్టు సడలుతుంది. ఎన్‌ఆర్‌ఎఫ్2 కేంద్రకంలోకి వెళ్లి, రక్షణ ఎంజైములు తయారుచేసే జన్యువులను లేపుతుంది. అంటే ఆకులోని అణువు తాను స్వయంగా రాడికల్‌తో పోరాడదు. శరీరానికి కాస్త చిరాకు పుట్టించి, దాని సొంత సైన్యాన్ని నిద్రలేపుతుంది. 1992లో జాన్స్ హాప్‌కిన్స్‌లో పాల్ తలాలే బృందం బ్రోకలీలో సల్ఫోరఫేన్ అనే ఇలాంటి పదార్థాన్ని కనుగొంది. మునగలోనూ దీని బంధువు ఒకటుంది, పేరు మోరింజిన్. పచ్చి మునగాకు నమిలితే తగిలే ఘాటు ఈ జాతి పదార్థాలదే.

ఆకులో మోరింజిన్ తయారుగా ఉండదు. ముడిసరుకు ఒకచోట, దాన్ని విడగొట్టే మైరోసినేజ్ ఎంజైము ఇంకోచోట ఉంటాయి. ఆకును నలిపినా, తరిగినా, నమిలినా రెండూ కలిసి మోరింజిన్ పుడుతుంది. తరగకుండా మరిగే నీళ్లలో వేస్తే ఎంజైము చచ్చిపోతుంది. ఆ తర్వాత పేగులోని బ్యాక్టీరియా కొంత చేస్తే చేసినట్టు. డీపీపీహెచ్ పరీక్షకు ఈ సంగతేదీ పట్టదు.

ఇక పోషకాలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల పచ్చి మునగాకులో విటమిన్ సి 100 మిల్లీగ్రాముల పైన, కాల్షియం 300 పైన ఉంటాయి. బీటా కెరోటిన్ దండిగా ఉంటుంది. కమలాపండులో విటమిన్ సి 40–50 ప్రాంతం. ‘కమలాకంటే ఏడు రెట్లు’ అని డబ్బాల మీద కనపడే మాటకు ఈ లెక్కలు సరిపోవు. పైగా ఆరబెట్టేటప్పుడు విటమిన్ సి చాలావరకు పోతుంది. రోజుకు ఒక చెంచా, అంటే ఐదు గ్రాముల లోపు పొడి వేసుకుంటూ 100 గ్రాముల పొడిలో ఉన్న కాల్షియాన్ని తలచుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఆషాఢంలో మునగాకు పప్పు వండితే మనిషికి గుప్పెడు ఆకు వస్తుంది. పోపులో నూనె ఉంటుంది కాబట్టి కెరోటిన్ ఒంటికి పడుతుంది. కూరగా చూస్తే మునగాకు నిజంగా మంచి ఆకు. మునగచెట్టు ఎక్కించకుండానే.

సారం దగ్గరికి వస్తే లెక్క మారుతుంది. ఆకును గాఢం చేసినప్పుడు మంచిదొక్కటే గాఢం కాదు. గ్రీన్ టీ దీనికి బాగా పరిశీలించిన ఉదాహరణ. కప్పులో తాగితే సమస్య లేదు. అదే ఆకుసారాన్ని బరువు తగ్గే మాత్రల్లో పెట్టాక కొందరిలో కాలేయం దెబ్బతిన్న కేసులు పలు దేశాల్లో నమోదయ్యాయి. రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకుమించి ఈజీసీజీని మాత్రల రూపంలో తీసుకుంటే కాలేయ ఎంజైములు పెరుగుతున్నాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. ఆకు కాబట్టి హాని ఉండదన్న నమ్మకం ఈ మోతాదుల దగ్గర పనికిరాదు. మునగాకు సారంతో మనుషుల మీద జరిగిన పరీక్షలు ఎక్కువగా చిన్నవి, కొద్ది వారాలవి. వాటి ఆధారంగా షుగర్ మందులు ఆపేసేవాళ్లు మన చుట్టూ ఉన్నారు, అది ప్రమాదం.

ఇంకొక్క విషయం. రక్తం గడ్డకట్టకుండా వార్‌ఫరిన్ లేదా ఎసిట్రోమ్ వాడుతున్నవారు, ముఖ్యంగా గుండె కవాటాలు మార్పించుకున్నవారు, ఆకుపొడులు మొదలుపెట్టేముందు డాక్టర్‌కు చెప్పాలి. ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది. అది ఈ మందులకు ఎదురు పనిచేస్తుంది. రోజూ ఒకే పాళంలో ఆకుకూర తింటుంటే డాక్టర్ మందు మోతాదును దానికి తగ్గట్టే సరిచేస్తారు. ఎవరో చెప్పారని హఠాత్తుగా రోజుకు రెండు చెంచాల పొడి మొదలుపెట్టినా, నెల తర్వాత విసుగొచ్చి మానేసినా ఐఎన్‌ఆర్, అంటే రక్తం గడ్డకట్టే వేగాన్ని చెప్పే రక్తపరీక్ష లెక్క, అటూ ఇటూ అవుతుంది. అలా మార్చినప్పుడు వారం పదిరోజుల్లో ఒకసారి రక్తపరీక్ష చేయించుకోవాలి.